రెండు కీర్తులు: హోమరు, తెనాలి రామకృష్ణుడు

బాపట్లనుండి బెజవాడకు పోవు రైలుబండి తెనాలి స్టేషనులో నిలిచినప్పుడు, పెట్టెలో పిల్లలున్నచో ఒక ముచ్చట తఱచుగా జరుగును. పలకమీది పేరును కూడబలుకుకొని చదివిన పిల్లవాడు తండ్రివైపు తిరిగి, “నాన్నా, ఇది తెనాలి రామకృష్ణుడి ఊరేనా?” అని అడుగును. తండ్రి ఔనని తలయూపును. ఆ వెనుక కథ చెప్పక తప్పదు. రేపల్లె బండి యెక్కవలసినవారు మూటలతో దిగిపోవుచుందురు. కాఫీ అమ్మువారు కేకలు వేయుచుందురు. ఆ సందడిలోనే పాలను జూచి పారిపోయిన పిల్లి కథయో, దొంగలచేత రాత్రియంతయు తోటకు నీరు తోడించిన కథయో మొదలగును. నాలుగు వందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట, ఊరి పేరు చూచినంతనే ఒక కవి జ్ఞప్తికి వచ్చి పసివాని పెదవిపై నవ్వు మొలచుట సామాన్యమైన కీర్తి కాదు.

అయితే ఆ తండ్రినే మఱియొక ప్రశ్న అడిగి చూడుడు: “ఆ రామకృష్ణుడు వ్రాసిన కావ్యమేది?” చాలమంది కొంతసేపు ఆలోచింతురు. కొందఱు మాట మార్తురు. ఉపాధ్యాయ మిత్రులు రేపు తమ తరగతిలో ఈ రెండు ప్రశ్నలను వరుసగా వేసి చూడవచ్చును. మొదటి ప్రశ్నకు లేచిన చేతులలో రెండవ ప్రశ్నకు ఎన్ని నిలుచునో లెక్కించినచో, నేను చెప్పదలచిన విషయము సగము బోధపడును.

ఈ విచిత్రము స్పష్టముగా కనబడవలెనన్నచో, దీనికి సరిగా తలక్రిందైన మఱియొక కీర్తిని ప్రక్కన నిలిపి చూడవలెను. అది గ్రీకు మహాకవి హోమరు కీర్తి.

హోమరు క్రీస్తునకు పూర్వము 8వ శతాబ్ది ప్రాంతమువాడని పెక్కుమంది పండితులు తలంతురు. ‘ఇలియడు’, ‘ఒడిస్సీ’ అను రెండు మహాకావ్యములు ఆయన పేర చెల్లుచున్నవి. మొదటిదానిలో సుమారు 15,700 పాదములును, రెండవదానిలో సుమారు 12,100 పాదములును గలవు. గ్రీకులు ట్రాయి పట్టణమును పదియేండ్లు ముట్టడింపగా, ఆ ముట్టడి కడపటి కాలమందలి కొన్ని దినముల వృత్తాంతము ఇలియడు. ఆ యుద్ధము ముగిసిన పిదప ఒడిస్యూసు అను వీరుడు పదియేండ్లు సముద్రములపై అలమటించి, తుదకు ఇల్లు చేరిన కథ ఒడిస్సీ.

కావ్యములు ఇంత స్థిరముగా నిలిచినవి గాని కవి నిలువలేదు. ఆయన ఎవరో, ఎచ్చటివాడో రూఢిగా చెప్పగల ఆధారము ఒక్కటియు లేదు. స్మిర్నా, కియోసు మొదలైన ఏడు పట్టణములు ‘మావాడే’ యని పోరాడెనట. ఆయన అంధుడని ఒక ఐతిహ్యము. 1795లో వోల్ఫ్ అను జర్మను పండితుడు ఈ కావ్యములు ఒక్కచేతి రచనలు కావని వాదము లేవదీసెను. 1933-35 సంవత్సరముల నడుమ మిల్మన్ ప్యారీ అను అమెరికా పండితుడు యుగోస్లావియా పల్లెలలో తిరిగి, చదువురాని గాయకులు వేలకొలది పాదములను అప్పటికప్పుడు కూర్చి పాడుచుండగా ఆ పాటలను యంత్రముపై పట్టెను. హోమరు కవిత్వము గూడ అట్టి గాన సంప్రదాయమునుండి పుట్టినదే యని ఆయన సిద్ధాంతము. ఇన్ని వాదములు నడచినను చదువరులు తగ్గలేదు. ఎమిలీ విల్సన్ అను విదుషి 2017లో ఒడిస్సీని, 2023లో ఇలియడును క్రొత్తగా ఇంగ్లీషు పద్యములలోనికి తెచ్చినది.

హోమరు విషయమున కవి మాయమై కావ్యము మిగిలినది. మన రామకృష్ణుని విషయమున కావ్యము మఱుగుపడి కవి మిగిలినాడు. ఈ భేదము ఎట్లు కలిగినది?

ముందుగా హోమరు సంగతి చూతము. ఆ కావ్యములను కాపాడినవారు రాజులు గారు. అలెగ్జాండరు తన దండయాత్రలలో ఇలియడు ప్రతిని వెంట నుంచుకొనెడివాడని ప్లూటార్కు వ్రాసినమాట నిజమే. కాని అలెగ్జాండరు పుట్టకముందే ఆ కావ్యము ప్రతి గ్రీకు బాలుని నాలుకమీద నుండెను. ఏథెన్సులో పిల్లవానికి అక్షరములు వచ్చినతోడనే హోమరు పాఠము మొదలయ్యెడిది. నికేరాటసు అను నతడు, తాను మంచివాడు కావలెనని తన తండ్రి హోమరు కావ్యములను పూర్తిగా కంఠస్థము చేయించెనని చెప్పుకొన్నట్లు జెనోఫోను గ్రంథములో నున్నది. పానథెనేయ అను గొప్ప ఉత్సవములో గాయకులు ఒకరి వెనుక నొకరు ఆ కావ్యములను జనసమూహమునకు వినిపించెడివారు. బడిలో నేర్చినది పండుగలో వినబడుచుండెను. పండుగలో విన్నది బడిలో మరల చదువబడుచుండెను.

తరువాత గ్రీకుభాష ఈజిప్టునకు వ్యాపించెను. అచ్చటి ఇసుకలో బయటపడిన పపైరసు కాగితములలో ఏ ఇతర గ్రీకు కవి రచనలకంటెను హోమరు కావ్యభాగములే ఎక్కువ. వానిలో బడిపిల్లల వ్రాతలు గూడ గలవు. ఒక ప్రక్క హోమరు వాడిన ప్రాచీన పదము, దాని కెదుట వాడుకమాటలో అర్థము, ఇట్లు వరుసగా వ్రాసిన పట్టికలు దొరకినవి. మనము దీనిని గమనింపవలెను. హోమరు భాష ఆ పిల్లలకు సులభమైనది కాదు. వారి తాతముత్తాతల కాలమునకే అది పాతబడినది. అయినను కఠినమని ఏ ఉపాధ్యాయుడును విడిచిపెట్టలేదు; కఠినపదముల పట్టిక వ్రాయించి ముందునకు నడచెను.

ప్లేటో మహాశయుడు తన ఆదర్శ నగరమునుండి ఇట్టి కవులను సగౌరవముగా సాగనంపుమనెను. దేవతలు కలహించుకొనుట, వీరులు విలపించుట పిల్లలకు మంచిది కాదని ఆయన అభిప్రాయము. అట్లనుచునే, బాల్యమునుండి హోమరునెడ తనకు ప్రేమయు భక్తియు గలవని, అవి నోరెత్తనీయకున్నవని సోక్రటీసుచేత పలికించెను. చిన్ననాట నోటికి వచ్చిన కవిత్వమును ప్రతిపక్షి సైతము వదలించుకొనలేడు.

అయితే బడి ఎంత బలవంతపెట్టినను, లోపల జీవము లేని కావ్యము మూడువేల యేండ్లకు చేరువగా బ్రతుకదు. ఇలియడులో హెక్టరు యుద్ధమునకు పోవుచు పసిబిడ్డను ఎత్తుకొనబోవును. బిడ్డ తండ్రి శిరస్త్రాణముపై ఊగు గుఱ్ఱపువెండ్రుకల జుట్టును జూచి వెఱచి, దాది రొమ్ములో తల దాచుకొనును. తండ్రియు తల్లియు నవ్వుదురు. హెక్టరు శిరస్త్రాణమును తీసి నేలపై బెట్టి బిడ్డను ముద్దాడును. ఆ వీరుడు మరల ఇల్లు చేరడని వినువారికి తెలియును. ఒడిస్సీలో ఇరువది యేండ్ల పిమ్మట మాఱువేషమున వచ్చిన యజమానుని భార్యకంటె ముందు గుర్తించినది ఒక ముసలి కుక్క. పెంటపై పడియున్న ఆ కుక్క తోకనాడించి, చెవులు వాల్చి, ప్రాణము విడుచును. మహాయుద్ధముల నడుమ ఇట్టి ఇంటి సంగతులను చూడగలిగిన కన్ను హోమరుది. అందుచేతనే ఆయన దూరదేశములవారికి గూడ చుట్టమయ్యెను.

ఇక మన కవిని చూతము. రామకృష్ణుడు 16వ శతాబ్దివాడు, కౌండిన్యగోత్రుడు, తండ్రి రామయ్య, తల్లి లక్ష్మమ్మ. ఇంటిపేరు గార్లపాటివారందురు. పుట్టినది గార్లపాడని కొందఱు, తెనాలియని కొందఱు చెప్పుదురు. తొలిపేరు రామలింగడనియు, తెనాలిలోని రామలింగేశ్వరస్వామి పేరే పెట్టిరనియు ఒక ప్రతీతి. ఆ తొలిపేరుతో శైవకావ్యమైన ‘ఉద్భటారాధ్య చరిత్రము’ను రచించి ఊరె దేచమంత్రికి అంకితమిచ్చెను. పిదప వైష్ణవుడై ‘పాండురంగ మాహాత్మ్యము’ను, ‘ఘటికాచల మాహాత్మ్యము’ను వ్రాసెనని పండితులు నిర్ణయించిరి. కృష్ణదేవరాయల అష్టదిగ్గజములలో ఈయన యుండెనని లోకము నమ్మును. పాండురంగ మాహాత్మ్యము రాయల తరువాతి కాలపు రచన యని పలువురు పరిశోధకుల మతము. ఏడు పట్టణములు హోమరుకొఱకు తగవులాడినట్లు, మనము ఈయనకొఱకు రెండు ఊళ్లతోను, ఒక సభతోను తగవు పడుచున్నాము.

ఈ తగవులేవియు ప్రజలకు పట్టలేదు. వారికి కావలసిన రామకృష్ణుని వారు నిర్మించుకొనిరి. కాళికాదేవి రెండు గిన్నెలు చూపి ఒకటి త్రాగుమనగా రెండును త్రాగివేసిన బాలుడు. ఎటునుండి చదివినను మారని ‘వికటకవి’ బిరుదమును శాపముగా పొంది వరముగా మార్చుకొన్నవాడు. రాజగురువునైనను నవ్వులపాలు చేయువాడు. ఈ కథలలో కొన్ని ఉత్తరదేశమున బీర్బలు పేరను చెప్పబడుచున్నవి. గ్రీకులలోను ఇట్టివాడొకడు గలడు. ఈసపు అను పేరునకు ఊరూర పుట్టిన నీతికథలన్నియు వచ్చి చేరినవి. కథకు ఒక ఇల్లు కావలెను. నవ్వు కథలకు దక్షిణాపథమంతయు చూచుకొన్న ఇల్లు తెనాలి. తమిళులకు, కన్నడిగులకు గూడ ఆయన స్వంతవాడే. 1956లో బి.ఎస్. రంగా గారు తీసిన ‘తెనాలి రామకృష్ణ’ చిత్రములో అక్కినేని నాగేశ్వరరావు గారు కవిగా, నందమూరి తారక రామారావు గారు రాయలుగా కనబడిరి. 1990లో దూరదర్శను ధారావాహికగా హిందీ దేశములోను ఇంటింటికి ప్రవేశించెను. ఆ 1956 చిత్రమునకు మఱుసటి యేడు ‘పాండురంగ మహత్యం’ అను చిత్రము వచ్చినది. అందలి పుండరీకుడు, పండరి క్షేత్రము మన రామకృష్ణుడు నాలుగు శతాబ్దముల క్రిందట తెలుగున పాడినవే. రెండు చిత్రములను చూచి ఆనందించినవారిలో ఆ ముడిని గుర్తించినవారు ఎందఱుందురు?

కథలు అసత్యములని వానిని త్రోసివేయుమని నేననను. వానిని జాగ్రత్తగా చూచినచో, కవి స్వభావమునకు అవి చక్కని సాక్ష్యములు. ‘తిలకాష్ఠమహిషబంధనము’ కథ అందఱెఱిగినదే. దిగ్విజయము చేయుచు వచ్చిన పండితుని యెదుటికి రామకృష్ణుడు పట్టుగుడ్డ చుట్టిన కట్టను తెచ్చి, ఈ గ్రంథముపై వాదింతమనెను. ఆ పేరెన్నడును వినని పండితుడు రాత్రికి రాత్రి ఊరు విడిచెను. గుడ్డ విప్పగా అందున్నవి నువ్వుకట్టెలు, వానిని కట్టిన గేదెపలుపు. తిలలు, కాష్ఠము, మహిషము, బంధనము: సమాసములను విడదీయుట నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠమున్నదా? ఏనుగుల గుంపు దోమగొంతులో దూరినదను సమస్యయు నట్టిదే. అసూయాపరులు ద్వారపాలకునిచేత అడిగించినప్పుడు ఆ కవి దానిని తిట్టుగా పూరించెనట. రాజు అడిగినప్పుడు, పాండవులంతటివారు విరటుని కొలువులో సేవకులైరని భారతార్థముతో పూరించెనట. ఇట్టి చాటువులను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చి మనకిచ్చిరి. ఒకే మాటను ఒకచోట నవ్వునకు, ఒకచోట దుఃఖమునకు ఒప్పించుట ఈ కథలలోని రామకృష్ణుని విద్య. కావ్యములోని రామకృష్ణుని విద్యయు అదియే. దానికి నిగమశర్మోపాఖ్యానమే సాక్షి.

పాండురంగ మాహాత్మ్యము ఐదు ఆశ్వాసముల కావ్యము. విరూరి వేదాద్రిమంత్రికి అంకితము. భీమరథీ తీరమందలి పండరి క్షేత్రమహిమను చెప్పు కథలు ఇందున్నవి. పంచకావ్యముల లెక్కలో దీనిని చేర్చిన పెద్దలు గలరు. ఇందలి నిగమశర్మ పేరునకు వేదమును మోయుచున్నవాడు. నడత మాత్రము దానికి విరుద్ధము. తండ్రి కూర్చినదంతయు వ్యసనములకు ధారపోసెను. ముసలి తల్లిదండ్రులు, ఇల్లాలు కుమిలిపోవుచుండగా, సంగతి విని అత్తవారింటినుండి అక్క వచ్చును. ఆమె తమ్ముని కసరదు. ఆదరించి, కడుపునిండ అన్నము పెట్టి, దగ్గఱ కూర్చుండి బుద్ధులు చెప్పును. తల్లిదండ్రుల ముదిమిని, ఇంటి పరువును, కట్టుకొన్నదాని గతిని ఒక్కొక్కటిగా కన్నుల ముందుంచును. తమ్ముడు మారినట్లే కనబడును. ఇల్లంతయు ఊపిరి పీల్చుకొనును. ఒక రాత్రి అతడు ఇంటిలోని నగలన్నియు మూటగట్టుకొని పాఱిపోవును.

తెల్లవారిన తరువాత కవి చూపినది చూడుడు. ఇంటివారందఱు ఘొల్లుమందురు. కాని ఒక్కొక్కరు తమతమ సొమ్మును తలంచుకొని ఏడ్చుచుందురు. అంత వాత్సల్యముతో తమ్ముని బాగుచేయవచ్చిన అక్క తన క్రొత్త ముక్కరకొఱకు ఏడ్చును!

ఇది హాస్యమా? హాస్యమే. పాఠకుని పెదవి కదలక మానదు. కాని ఆ నవ్వు అక్కను అల్పురాలిగా చేయదు. పెద్ద దుఃఖము మనస్సునకు ఒక్కమారుగా పట్టదు. చేతికందిన చిన్న వస్తువును పట్టుకొని అది బయటికి వచ్చును. తమ్ముడు చెడిపోయెనను మాట ఆమె నోట రాదు. ముక్కర పోయెనను మాట వచ్చును. దొంగలు పడిన ఇంటిని చూచినవారికి ఈ సత్యము అనుభవమే. ఈ అక్కకు కవి పేరైనను పెట్టలేదు. పేరులేని ఆ స్త్రీ తెలుగు సాహిత్యములో మఱపురాని వ్యక్తియైనది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ‘నిగమశర్మ అక్క’ను గూర్చి ప్రత్యేకముగా వ్యాసమే వ్రాసిరి.

హెక్టరు శిరస్త్రాణము, నిగమశర్మ అక్క ముక్కర ఒక్క జాతికి చెందినవి. అక్కడ మరణమునకు ముందు నవ్వు. ఇక్కడ దుఃఖము నడుమ నవ్వు. హోమరును లోకమునకు చుట్టముగా చేసిన ఆ కన్నే మన తెనాలివానికిని ఉండెను. అట్లయినచో అతని కావ్యము ఏల మఱుగుపడినది?

కావ్యము కఠినమని సాధారణముగా వచ్చు సమాధానము. నిజమే, దీర్ఘసమాసములున్నవి, అప్రసిద్ధపదములున్నవి. కాని ఈజిప్టు బడిపిల్లల పదపట్టికలను చూచిన పిమ్మట ఈ సమాధానము నిలువదు. మఱియొక సమాధానము దీనికంటె న్యాయమైనది. హోమరు కవిత్వము పాడుటకు పుట్టినది. పాండురంగ మాహాత్మ్యము వ్రాతకు పుట్టినది. మొదటిది చెవినుండి చెవికి నడచును. రెండవదానికి నడుమ ఒక వ్యాఖ్యాత కావలెను. మన పల్లెలలో ఒకప్పుడు ఆ వ్యాఖ్యాత యుండెను. ఆలయ మంటపములో రాత్రివేళ పౌరాణికుడు పద్యము చదివి, పదము విఱిచి, అర్థము చెప్పుచుండగా అక్షరము రానివారు గూడ విని తలలూపెడివారు. గ్రీకుల ఉత్సవ గాయకునకు మన సమానుడు ఆ పౌరాణికుడు. నేడు ఆ ఆసనము చాలచోట్ల ఖాళీగా నున్నది. దానికి వారసుడు ఎవరని వెదకినచో తెలుగు పంతులు తప్ప వేఱొకరు కనబడరు.

ఈ వారసత్వము బరువైనదే. కాని తెనాలి రామకృష్ణుని విషయములో మనకొక అదృష్టమున్నది. ఇతర కావ్యములకు పిల్లలను పిలుచుకొని పోవలెను. ఇక్కడ పిల్లలు ముందే గుమ్మములో నిలిచియున్నారు. పిల్లి కథ విని నవ్విన పిల్లవానికి ఆ కవి పేరనిన ప్రేమ ఏర్పడియే యున్నది. తలుపు తీయుటయే తక్కువ. ఒక దినము కథ చెప్పుడు. మఱునాడు నిగమశర్మోపాఖ్యానమునుండి ఒక్క పద్యము తీసికొని, అర్థము చెప్పకముందే రెండుమార్లు గొంతెత్తి చదువుడు. నువ్వుకట్టెల మూటను విప్పినట్లు సమాసములను విప్పింపుడు. కఠినపదముల పట్టికను పిల్లలచేతనే వ్రాయింపుడు. తుదకు, “మీ యింట దొంగలు పడితే మీరు మొదట దేనికోసం ఏడుస్తారు?” అని ఒక ప్రశ్న వేసి నాలుగు వాక్యములు వ్రాయుమనుడు. ఆ వ్రాతలను దిద్దునప్పుడు కవి ఎంత సత్యమును చూచెనో ఉపాధ్యాయునకు గూడ క్రొత్తగా తెలియును.

తెనాలివారైన చక్రపాణి గారు నాగిరెడ్డి గారితో కలిసి 1947లో ‘చందమామ’ను నెలకొల్పగా, తెనాలివారే యైన కొడవటిగంటి కుటుంబరావు గారు చిరకాలము దానిని తీర్చిదిద్దిరి. పిల్లలకు కథ చెప్పు విద్య ఈ గడ్డకు క్రొత్త కాదు. ఆ విద్య తన పని తాను చేసినది. కవిని నాలుగు శతాబ్దములు మోసికొని వచ్చి మన వాకిట దింపినది. కావ్యమును లోపలికి తెచ్చు పని మిగిలియున్నది. హోమరు ఎవరో తెలియకయే గ్రీకు పంతుళ్లు అతని పద్యమును కాపాడిరి. మనకు కవి ఎవరో తెలియును, ఊరు తెలియును, రైలు దిగినచో కోవెలయు కనబడును. ఇన్ని తెలిసి పద్యమును పోగొట్టుకొన్నచో, మనము ఏ ముక్కరకొఱకు ఏడ్వవలెనో గూడ మనకు తెలియకపోవును.

రైలుపెట్టెలోని పిల్లవాడు మొదటి ప్రశ్నను తానే అడిగెను. రెండవ ప్రశ్నను అతడు అడుగడు. అడుగునట్లు చేయవలసినవారము మనము.